సమకాలీన నృత్యానికి నీటి వీడియో: తొట్టి నుంచి తెర దాకా

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది: నలుగురు డాన్సర్లు, నలభై నిమిషాల కంటెంపరరీ ప్రదర్శన, ఇతివృత్తం నీరు. వెనక 8 మీటర్ల వెడల్పు తెర, వీలైతే నేల మీద కూడా ప్రొజెక్షన్. రెడీమేడ్‌గా దొరికే సముద్రం, జలపాతం క్లిప్పులు పెట్టి రిహార్సల్ చేస్తే డాన్సు వెలవెలబోయింది. సొంతంగా తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, డాన్సర్ అడుగుకు నీరు స్పందించేలా చేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ క్లిప్పుల్లో లోపం నాణ్యతది కాదు. అవి తెర మీద ఒంటరిగా చూడటానికి తీసినవి. ఫ్రేము నిండా వెలుగు, నడిమధ్యలో అసలు విశేషం, గబగబా కదలిక. స్టేజీ మీద ఆ నడిమధ్యలో ఉండాల్సింది మనిషి. కాంట్రాస్టు ఎక్కువున్న చోటికి, వేగంగా కదిలే చోటికి చూపు తనంతట తానే పోతుంది. ఎనిమిది మీటర్ల కెరటంతో ఐదున్నర అడుగుల శరీరం పోటీపడలేదు. అందుకని నీటి వీడియోను బొమ్మ అనుకోకండి, కదిలే లైటింగ్ అనుకుని మొదలుపెట్టండి. ప్రతి షాటునూ రెండు ప్రశ్నలతో పరీక్షించండి. ఈ వెలుగు డాన్సర్‌కి ఏ వైపున, ఎంత దూరంలో పడుతుంది? ఈ కదలిక డాన్సర్ కదలిక కన్నా నెమ్మదిగా ఉందా? రెండోదానికి జవాబు ‘లేదు’ అయితే, ఎంత అందమైన షాటైనా పక్కన పెట్టేయాలి.

వేగం సంగతి ముందు చూద్దాం, ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ట్రేలో 10 సెంటీమీటర్ల వెడల్పున్న నీటిని తీసి 8 మీటర్ల తెర మీద వేస్తే అది 80 రెట్లు పెద్దదవుతుంది. గురుత్వాకర్షణతో నడిచే అలల కాలం వాటి పొడవుకు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 80కి వర్గమూలం సుమారు 9. కాబట్టి కదలికను తొమ్మిది రెట్లు నెమ్మదింపజేస్తేనే కన్ను దాన్ని పెద్ద నీరుగా నమ్ముతుంది. సెకనుకు 240 ఫ్రేములతో తీసి 25తో నడిపితే 9.6 రెట్లు వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. మీ కెమెరాలో 120 మాత్రమే ఉంటే 4.8 రెట్లే నెమ్మదిస్తుంది. అప్పుడు 10 సెంటీమీటర్లు కాకుండా 35 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేములోకి వచ్చేలా వెనక్కి జరగండి. ఈ లెక్కకు ఒక హద్దు ఉంది: సుమారు 1.7 సెంటీమీటర్ల కన్నా పొట్టి అలలను నడిపేది ప్రధానంగా తలతన్యత. గుండ్రటి పూసల్లాంటి చుక్కలు, సన్నటి ముడతలు కనబడగానే ఇది చిన్న ట్రే అని తెలిసిపోతుంది. రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపితే తలతన్యత తగ్గుతుంది. నెమ్మదిగా కలిపి, నురుగు పూర్తిగా అణిగాకే తీయాలి.

మామూలు 25 ఫ్రేముల షాటును సాఫ్ట్‌వేర్‌తో సాగదీసే ఆలోచన వద్దు. ఆప్టికల్ ఫ్లో పద్ధతి రెండు ఫ్రేముల్లో ఒకే బిందువును గుర్తుపట్టి మధ్య ఫ్రేములు పుట్టిస్తుంది. నీటి మీది మెరుపులు ఒక ఫ్రేములో పుట్టి తరవాతి ఫ్రేముకే మాయమవుతాయి, పట్టుకోవడానికి స్థిరమైన బిందువే ఉండదు. ఫలితంగా నీరు బంకలా సాగుతుంది.

ఎక్కువ ఫ్రేములంటే ఎక్కువ లైటు. 240 ఫ్రేములకు షట్టర్ 1/480 పెడతారు, అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో 480వ వంతు మాత్రమే వెలుగు అందుతుంది; చుక్కలు విడివిడిగా స్ఫుటంగా కావాలంటే 1/1000. 1/50తో పోలిస్తే 1/480కి దాదాపు పది రెట్ల వెలుతురు కావాలి. మెయిన్స్ కరెంటుతో వెలిగే చవకరకం ఎల్ఈడీలు ఇక్కడ మోసం చేస్తాయి: 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియని ఈ మిణుకు స్లో మోషన్‌లో ఫ్రేమంతా దడదడలాడినట్టు బయటపడుతుంది. ఎండ, బ్యాటరీతో నడిచే టార్చి, ఫ్లికర్ లేదని స్పష్టంగా చెప్పిన వీడియో లైటు నమ్మదగినవి. డిమ్మర్‌తో తగ్గించిన ఎల్ఈడీ బ్యాటరీ మీద ఉన్నా మిణకవచ్చు, కాబట్టి ముందు పది సెకన్లు తీసి నెమ్మదిగా నడిపి చూసుకోండి.

ఇక ఏం తీయాలి? నా సలహా: సముద్రం, నది జోలికి పోకముందు కాస్టిక్స్ తీయండి. ఎండలో ఈత కొలను అడుగున కదిలే వెలుగు గీతల వల ఉంటుందే, అదే. నృత్యానికి ఇంతకన్నా పనికొచ్చే నీటి రూపం లేదు. ముదురు నేపథ్యం మీద తెల్లటి గీతలుగా రికార్డవుతుంది కాబట్టి తెర మీదే కాదు, నేరుగా డాన్సర్ ఒంటి మీద, నేల మీద లైటుగా వేయవచ్చు. తయారీ ఇలా: అడుగు పారదర్శకంగా ఉన్న అక్రిలిక్ లేదా గాజు ట్రే, 40 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు. అందులో 4, 5 సెంటీమీటర్ల నీరు. ట్రేను రెండు స్టాండ్ల మీద నిలిపి, 60 నుంచి 80 సెంటీమీటర్ల కింద మెరుపు లేని తెల్లటి బోర్డు పెట్టండి. ట్రేకు మీటరున్నర పైన ఒకే ఒక చిన్న లైటు. వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్, సాఫ్ట్‌బాక్స్ ఏదీ వద్దు. వెలుగు వచ్చే బిందువు ఎంత చిన్నదైతే గీతలు అంత పదునుగా వస్తాయి, సాఫ్ట్‌బాక్స్ పెడితే వల మొత్తం అలుక్కుపోతుంది. కెమెరాను పక్క నుంచి బోర్డు వైపు పెట్టి, వాలుగా వచ్చిన రూపాన్ని ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. గీతలు మసకగా ఉంటే కెమెరా ఫోకస్ కన్నా ముందు ట్రే ఎత్తు మార్చి చూడండి. నీటి మీది ప్రతి అల ఒక కటకమే. అల ఎంత మెత్తగా ఉంటే దాని వెలుగు అంత దూరాన కేంద్రీకృతమవుతుంది.

ట్రే మధ్యలో వేలితో కొట్టకండి. మూలలో నెమ్మదిగా తాకించండి, లేదా చిన్న ఫ్యాను వాలుగా పెట్టండి. నలుచదరం ట్రేలో గోడలకు తగిలిన అలలు వెనక్కి వచ్చి గళ్ళ నమూనా ఏర్పడుతుంది, అది కృత్రిమంగా కనబడుతుంది. నాలుగు అంచుల వెంబడి స్పాంజి పట్టీలు వాలుగా అమరిస్తే అలలు అక్కడే చచ్చిపోతాయి. స్పీకర్ కోన్ మీద నీటి పళ్ళెం పెట్టి శబ్దంతో నమూనాలు తీసేవాళ్ళకు ఒక సూచన: అలా లేచి ఉన్నచోటే ఊగే అలలు స్పీకర్ ఫ్రీక్వెన్సీలో సగం ఫ్రీక్వెన్సీతో కదులుతాయి. 50 హెర్ట్జ్ ఇస్తే నమూనా 25 హెర్ట్జ్‌తో ఊగుతుంది, 25 ఫ్రేముల కెమెరాలో అది కదలకుండా నిలబడిపోయినట్టు వస్తుంది. కదలిక కావాలంటే 48 లేదా 52 ఇవ్వండి.

రెండోది ఇంకు తొట్టి. 60×30×30 సెంటీమీటర్ల తొట్టికి 54 లీటర్లు పడతాయి, నీటి బరువే 54 కిలోలు, అందుకు తగిన బల్ల చూసుకోవాలి. కుళాయి నీటిని పోసిన వెంటనే తీస్తే గాజు నిండా గాలి బుడగలు అంటుకుంటాయి. రాత్రంతా నిలవనిచ్చి, తీయడానికి గంట ముందు గాజు లోపలి వైపు మెత్తటి బ్రష్‌తో తుడిచి మళ్ళీ కదలకుండా వదిలేయాలి. తెల్లటి నేపథ్యంలో నల్ల ఇంకు ఫొటోల్లో బాగుంటుంది. స్టేజీకి మాత్రం అది పనికిరాదు: తెరంతా తెల్లగా వెలిగి డాన్సర్లు నల్లటి నీడలైపోతారు. నల్ల గుడ్డ నేపథ్యం ముందు తెల్లరంగు వదలండి. నీటిలో కరిగే టెంపెరా లేదా అక్రిలిక్ ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు కలిపి, గుడ్డలో వడకట్టి, మొండి సూది ఉన్న 10 మిల్లీలీటర్ల సిరంజిలో తీసుకోండి. సిరంజిలోని గాలి ముందే పోగొట్టాలి. లేకపోతే మొదట బుడగ వచ్చి షాటు పాడవుతుంది.

రంగు నేరుగా అడుక్కి దిగిపోకుండా మధ్యలో మేఘంలా పరుచుకోవాలంటే తొట్టిని రెండు పొరలుగా నింపాలి. అడుగు సగానికి లీటరుకు 40 గ్రాముల ఉప్పు కలిపిన నీరు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ షీటు తేల్చి, దాని మీదుగా మంచినీటిని నెమ్మదిగా జారవిడిచి, తరవాత షీటును పక్కకు లాగేయాలి. రంగు మంచినీటి గుండా దిగి, బరువైన ఉప్పునీటి పొర దగ్గర ఆగి అడ్డంగా విచ్చుకుంటుంది. సినిమా స్పెషల్ ఎఫెక్టుల వాళ్ళు ఆకాశంలో మేఘాలు ఇలాగే తీసేవారు. రెండు పొరలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. లైట్లు ముందే వేసి ఉంచితే గాజు పక్కన నీరు వేడెక్కి పైకి పాకుతుంది, పొర చెదురుతుంది. షాటుకు ముందు మాత్రమే వెలిగించండి.

వెలుగు తొట్టికి రెండు పక్కల నుంచి, నల్ల అట్టలో కోసిన 2 సెంటీమీటర్ల చీలిక గుండా రావాలి. ముందు నుంచి ఏదీ వద్దు. కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి లెన్సు పట్టేంత రంధ్రం చేస్తే గాజులో మీ ప్రతిబింబం పడదు. ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఇక్కడ సాయపడదు, ఎందుకంటే గాజును సూటిగా ఎదురుగా చూస్తున్నారు. చెరువు ఉపరితలం తీసేటప్పుడు, నీటి మీద నిటారుగా నిలిచే గీతకు సుమారు 53 డిగ్రీల కోణంలో చూస్తే అదే ఫిల్టర్ ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది. ఫోకస్‌కు తొట్టి మధ్యలో స్కేలు ముంచి, మాన్యువల్‌లో సరిచేసి, స్కేలు తీసి, అలలు తగ్గేదాకా ఆగండి. ఒక తొట్టికి మూడు, నాలుగు టేకులే. ఆ తరవాత నీరు మబ్బు పడుతుంది, మొత్తం మార్చాలి. రోజుకు రెండు తొట్ల కన్నా ఎక్కువ ప్లాన్ చేసుకోవద్దు.

డాన్సర్‌ను నీటి అడుగున తీయాలనుకుంటే ఒక్కటి మాత్రం రాజీ పడకండి: రక్షణకు నీళ్ళలో మరో ఈతగాడు, షాటుకు షాటుకు మధ్య పూర్తి విశ్రాంతి. ఎక్కువసేపు ఊపిరి బిగపట్టాలని ముందు గబగబా లోతుగా శ్వాసలు తీయడం ప్రమాదకరం. దానివల్ల శరీరానికి ఊపిరి కావాలనే హెచ్చరిక ఆలస్యమై, తెలియకుండానే స్పృహ తప్పుతుంది. కొలను దగ్గర మెయిన్స్ లైట్లు వద్దు. కాళ్ళకు చుట్టుకునే పొడవాటి బట్టలు వద్దు. కొలను ఫిల్టర్‌ను రాత్రంతా నడిపి, తీసే సమయానికి ఆపేస్తే బుడగలుండవు.

రంగు గురించి ఒక లెక్క. నీరు అనగానే అందరూ నీలం వేస్తారు. వీడియో సిగ్నల్‌లో కంటికి తెలిసే వెలుగుకు ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. అచ్చమైన నీలం వేస్తే పదివేల ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెదజల్లే వెలుగుకు కొలత) ప్రొజెక్టర్ ఏడువందల స్థాయికి దిగిపోయినట్టే. తెర మురికిగా కనబడుతుంది, మీరు ప్రొజెక్టర్‌ను నిందిస్తారు. నీలానికి ఆకుపచ్చ కలపండి, గీతల శిఖరాలను తెల్లగా ఉంచండి. డాన్సర్ల మీద వెచ్చటి సైడ్ లైట్ వేస్తే చర్మం తెర నుంచి విడిపడుతుంది, నీటి చల్లదనం దానంతట అదే తెలుస్తుంది. ఒంటి మీద వీడియో పడాలంటే కాస్ట్యూమ్స్ లేత బూడిద రంగులో ఉండాలి. నల్ల బట్ట వెలుగును మింగేస్తుంది, పాల తెలుపు మీద ముఖం కన్నా బట్ట ఎక్కువ వెలుగుతుంది.

ప్రొజెక్టర్ సరిపోతుందా లేదా అన్నది ల్యూమెన్లను తెర వైశాల్యంతో భాగించి చూసుకోవచ్చు. 8×4.5 మీటర్లంటే 36 చదరపు మీటర్లు, 10,000 ల్యూమెన్లకు సుమారు 278 లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు). ఆ తెల్లటి గరిష్ఠం మీద 50 లక్స్ స్టేజీ వెలుగు చిందినా నలుపులు బూడిదరంగవుతాయి. ముందు నుంచి వేసే లైట్లను మానుకుని, స్టేజీకి రెండు పక్కల నిలువు స్టాండ్ల మీద, మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు వరకు లైట్లు పెట్టి, వాటి రేకు షట్టర్లతో నేల మీద, తెర మీద పడే వెలుగును కోసేయండి. లైటింగ్ డిజైనర్‌తో ఈ మాట మొదటి వారంలోనే జరగాలి. తెరను డాన్సర్లకు కనీసం రెండున్నర మీటర్లు వెనక్కి జరిపితే చిందు ఇంకా తగ్గుతుంది.

ముందు నుంచి ప్రొజెక్ట్ చేస్తే డాన్సర్ల నీడలు తెర మీద పడతాయి. ప్రొజెక్టర్‌ను బాగా ఎత్తులో పెట్టి, లెన్స్ షిఫ్ట్‌తో (ప్రొజెక్టర్‌ను వంచకుండా బొమ్మను జరిపే సదుపాయం) బొమ్మను దించితే నీడ నేలకు జారుతుంది. వెనక నుంచి వేయాలంటే చోటు కావాలి. త్రో రేషియో అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది: 0.8 లెన్సుకు 8 మీటర్ల బొమ్మకు 6.4 మీటర్లు, 1.5 లెన్సుకు 12 మీటర్లు. మూడో దారి, నా దృష్టిలో నీటికి అన్నిటికన్నా తగినది, స్టేజీ ముందు పల్చటి గాజ్ (జల్లెడలాంటి గుడ్డ) పరదా. వీడియో దాని మీద పడుతుంది, వెనక సైడ్ లైట్‌లో డాన్సర్లు కనబడతారు, చూసేవాళ్ళకు మనుషులు నీటి లోపల ఉన్నట్టు అనిపిస్తుంది. అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్ 1999లో చేసిన ‘బైపెడ్’లో డాన్సర్ల ముందు ఇలాంటి పరదా మీదే డిజిటల్ ఆకారాలు కదిలాయి. గాజ్ రంధ్రాల గుండా చాలా వెలుగు వెనక్కి పోయి వెనక తెర మీద రెండో బొమ్మగా పడుతుంది. ప్రొజెక్టర్‌ను ఏటవాలుగా పైనుంచి పెట్టి ఆ రెండో బొమ్మ నేల మీదికి దిగేలా చూడండి, వెనక నల్ల పరదా కట్టండి.

నేల ప్రొజెక్షన్‌కు ఖర్చు పెట్టేముందు ప్రేక్షకుల మొదటి వరుసలో కూర్చుని చూడండి. కుర్చీలు సమతలంలో ఉంటే నేల కనబడనే కనబడదు, మెట్ల వరుసలో ఉంటేనే దీనికి అర్థం. నల్ల వినైల్ నేల మీద ఏమీ పడదు, బూడిదరంగు మ్యాట్ కావాలి. మెరిసే వినైల్ అయితే ప్రొజెక్టర్ లైటే ప్రేక్షకుల కళ్ళలో కొడుతుంది. ఇంకోటి: నేలంతా ఒకే దిశలో జారుతుంటే తిరిగే డాన్సర్‌కి తన శరీరమే పక్కకు వాలుతున్న భ్రమ కలిగి బ్యాలెన్సు తప్పుతుంది. ప్రవాహం కన్నా ఉన్నచోటే ఊగే వల మేలు. చుట్టూ అర మీటరు అంచును కదలకుండా చీకటిగా ఉంచితే వాళ్ళకు ఆధారం దొరుకుతుంది. వీడియోతో రిహార్సల్ చేయకుండా దూకే భాగాలు స్టేజీ మీదికి తేవద్దు.

అడుగు వేసినచోట అల పుట్టించడం సాధ్యమే, పైగా నీరు ఈ పనికి అనువైన వస్తువు. పై నుంచి 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, కనబడే వెలుగును ఆపే ఫిల్టర్ పెట్టిన కెమెరా ఉండాలి. ఫిల్టర్ లేకపోతే కెమెరా మీ సొంత ప్రొజెక్షన్‌నే డాన్సర్ అనుకుని స్పందిస్తుంది, అలలు తమంతట తామే పెరిగిపోతాయి. పాతరకం టంగ్‌స్టన్ స్టేజీ లైట్లు ఇన్‌ఫ్రారెడ్‌ను కుమ్మరిస్తాయి కాబట్టి ఆ సన్నివేశాల్లో ఎల్ఈడీ సైడ్ లైట్లే వాడాలి. కెమెరా, కంప్యూటర్, ప్రొజెక్టర్ కలిసి పదోవంతు సెకను ఆలస్యం మామూలే. శరీరపు రూపురేఖను వెంటాడే గ్రాఫిక్‌లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నీటి అల ఎలాగూ పాదం తరవాతే విచ్చుకుంటుంది కాబట్టి ఆ ఆలస్యం సహజంగా కలిసిపోతుంది. టచ్‌డిజైనర్ అనే విజువల్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో అల నమూనా చాలా చిన్నది: ఒక బిందువుకు నాలుగు పక్కల విలువల మొత్తంలో సగం తీసుకుని, అదే బిందువు అంతకుముందు ఫ్రేము విలువను తీసేసి, 0.985తో గుణించాలి. 512×288 రిజల్యూషన్ చాలు, కానీ విలువలను దశాంశాలతో సహా దాచే 32 బిట్ ఫ్లోట్ తప్పనిసరి. 8 బిట్‌లో చిన్న అలలు ఆగిపోయి మరకలుగా మిగులుతాయి. సమయం తక్కువుంటే ట్రాకింగ్ మానేసి, డాన్సు బాగా తెలిసిన మనిషి చేత బటన్ నొక్కించండి. ముఖ్యమైన ఏడెనిమిది అడుగులకు అది యంత్రం కన్నా నమ్మకం.

ఎడిటింగ్‌లో ముందు కొరియోగ్రాఫర్‌తో కూర్చుని, నలభై నిమిషాల్లో ఎక్కడ వీడియో ఉండకూడదో గుర్తించండి. కనీసం మూడోవంతు చీకటి ఉంచమంటాను. లూపు 60 సెకన్లకు తగ్గకూడదు. అందులో ఒక పెద్ద చిందో, ప్రత్యేకమైన సుడో ఉంటే తీసేయండి, రెండోసారి రాగానే కన్ను పట్టేస్తుంది. అతుకు దగ్గర మూడు సెకన్ల డిసాల్వ్ (ఒక షాటు మరోదానిలోకి కరిగిపోవడం) చాలు. ముందుకూ వెనక్కూ నడిపే లూపు కాస్టిక్స్‌కు సరిపోతుంది, చుక్క పడే షాటుకు సరిపోదు. ముదురు నీలం నుంచి నలుపుకు జారే చోట మెట్లుమెట్లుగా పట్టీలు వస్తాయి. రంగుల మెట్లు ఎక్కువుండే 10 బిట్‌లో పనిచేసి, చివర్లో సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్ లాంటి నూగు) కలిపితే పోతాయి. వీడియోను బాగా కుదించే హెచ్.264 ఫార్మాట్ నీటికి బద్ధశత్రువు, ప్రతి ఫ్రేమూ మారిపోతుంది కాబట్టి మెరుపులు గళ్ళుగా పగులుతాయి. అంతగా కుదించని ప్రోరెస్ 422 లేదా హ్యాప్ క్యూ ఫార్మాట్ వాడండి. మామూలు హ్యాప్‌లో ముదురు గ్రేడియంట్లు నిలవవు. ప్లేబ్యాక్‌కు క్యూల్యాబ్, రెజల్యూమ్, ఇసడోరా సాఫ్ట్‌వేర్లలో ఏదైనా సరే. ఇసడోరాను ట్రోయికా రాంచ్ అనే డాన్స్ కంపెనీకి చెందిన మార్క్ కోనిలియో వేదిక అవసరాల కోసమే తయారుచేశాడు, సెన్సర్లతో పనికి అది తేలిక. 25 ఫ్రేముల ఫైలును 60 హెర్ట్జ్ అవుట్‌పుట్‌లో నడిపితే నెమ్మది ప్రవాహం కుదుపుగా కనబడుతుంది. అవుట్‌పుట్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చండి.

థియేటర్‌లో దిగాక ప్రొజెక్టర్ నలుపును బ్లాకౌట్‌లో పరీక్షించండి. నల్ల ఫ్రేము వేసినా తెర మీద బూడిదరంగు దీర్ఘచతురస్రం మిగులుతుంది. నీటి ప్రదర్శనలో చీకటి ఎక్కువ కాబట్టి అది ప్రతిసారీ కనబడుతుంది. లెన్సు ముందు మెకానికల్ షట్టర్ పెట్టి, దాన్ని వీడియో క్యూలతో కలిపి నడపండి. సింగిల్ చిప్ డీఎల్‌పీ ప్రొజెక్టర్‌లో రంగులను ఒకదాని తరవాత ఒకటి వేసే కలర్ వీల్ వల్ల నల్లటి నేపథ్యం మీది తెల్ల గీతల అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి, కాస్టిక్స్‌కు త్రీ చిప్ లేదా ఎల్‌సీడీ తెప్పించండి. 15 మీటర్లు దాటిన మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను నమ్మకుండా, 100 మీటర్ల వరకు పనిచేసే హెచ్‌డీబేస్‌టీ లేదా ఫైబర్ వేయించండి. కంప్యూటర్‌లో స్లీప్, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు ఆపేసి, అదే ఫైలుతో రెండో యంత్రాన్ని స్విచ్చర్‌కు కలిపి ఉంచండి. ఫోకస్, మ్యాపింగ్ గ్రిడ్ రెండూ ప్రొజెక్టర్ అరగంట వెలిగాకే సరిచేయాలి. లెన్సు వేడెక్కేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, సన్నటి గీతల మీద ఆ తేడా మొదట కనబడుతుంది.